చాప కింద నడుము

మాట జారింది శుక్రవారం రాత్రి. శనివారం పొద్దెక్కేసరికి అది ఊరంతా తిరిగి, ఉప్పుమడుగు గట్టున చేపలమ్మేవాళ్ల దగ్గర కాసేపు కూర్చుని, టౌను మార్కెట్టు కూడా చూసి, జార్చినవాడి గుమ్మంలోకే తిరిగొచ్చింది. డ్రైవరు మనసే నడిపే బస్సు కూడా ఏనాడూ అంత తొందరగా ఒక చుట్టు కొట్టలేదు.

పోయినవారం కథలో మనం మనసేని మైకు చేతికిచ్చి వదిలేశాం. అదే మన పొరపాటు. చర్చి హాలు కప్పు కోసం చందాలు పోగుచేసే కావా సభ అది. మగవాళ్లు గుండ్రంగా కూర్చుని కొబ్బరిచిప్పల్లో కావా వేరు రసం తాగుతున్నారు, పాటకొకరు లేచి చందా వేస్తున్నారు. మా వైపు శుభమైనా అశుభమైనా మైకు మనసేదే. పగలు బస్సు నడుపుతాడు, రాత్రి నోరు నడుపుతాడు. పేరు మనసే గానీ మనిషంతా నోరే. ఆ రాత్రి ఆ నోరు భార్య వికా మీదికి మళ్లింది.

"నిండుగా పెంచుకున్నానయ్యా నా వికాను! బస్సులో వెనక సీటు మొత్తం ఆమెదే. ఇప్పుడు చూడండి, కిటికీ పక్కన ఒదిగిపోతోంది. సగం వికా ఏమైందో తెలీదు, ఎవరింటికి పోయిందో ఏమో! దొరికినవాళ్లు దయచేసి నా బస్సెక్కించండి, టిక్కెట్టు నేనే పెట్టుకుంటా!"

ముప్పై ఏళ్లుగా ఇలాంటి మాట పడితే హాలు ఊగిపోయేది. వికా వికవికా నవ్వి, టీ బల్ల దగ్గర్నుంచే ఎదురు పేల్చేది: "ముందు నీ పొట్ట కింద కాళ్లున్నాయో లేవో వంగి చూసుకో!" అది వాళ్లిద్దరి ఆట. ఊరు చూడడానికి అలవాటుపడ్డ ఆట. కానీ ఆ రాత్రి హాల్లో ఒక్క పన్ను బయటపడలేదు.

కారణం, ట్యూబులైటు పోయిన మూలలో వెనక వరసన కితియోనే కూర్చుని ఉన్నాడు. వికాకి సొంత అన్న. పేరులో కితకితలున్నాయే గానీ మనిషి నవ్వగా చూసినవాళ్లు లేరు. ఆక్లాండు ఓడరేవులో ఏళ్ల తరబడి పనిచేసి, ఇప్పుడు కిడ్నీలు రెండూ పాడై, కాళ్లు వాచి, ముసలి మేనత్తని ఒక్కసారి చూసుకుని పోదామని ఆ మధ్యాహ్నమే విమానం దిగాడు. హాలుకి వస్తాడని ఎవరూ అనుకోలేదు. మనసే అసలు చూడలేదు.

టోంగాలో పుట్టిన ఎవరికీ చెప్పక్కర్లేని సంగతి ఒకటుంది. అన్నాచెల్లెళ్లు ఒక కప్పు కింద ఉన్నప్పుడు ఒళ్లు, పక్క, పొట్ట లాంటి మాటల్ని చెప్పులతోపాటు బయటే విడిచి రావాలి. వాళ్ల నడుమ నడుము మాట రాకూడదు. తాగినవాడికైనా ఇది గుర్తుంటుంది. మనసే తాగింది కావా. ఎక్కింది మైకు మైకం.

కితియోనే చిప్ప బోర్లించి, లేచి, గోడ పట్టుకుని బయటికి నడిచాడు. రెండో తలుపులోంచి వికా వెళ్లిపోయింది. ఇంటికి మాత్రం రాలేదు. మేనత్త లెసియెలి వాకిట్లోని చాపల పాకలో పడుకుందని తెల్లారాక తెలిసింది.

చిక్కింది వికా. చిక్కులో పడింది మనసే.

*

ఇలాంటి తప్పుకి మా దగ్గర ఒకటే దారి. చిరిగిన చాప నడుముకు చుట్టుకుని, మెడలో ఇఫి చెట్టు ఆకుల దండ వేసుకుని, తల వంచి నొచ్చుకున్నవాళ్ల వాకిట్లో కూర్చోవాలి. క్షమించినవాళ్లు ఆ ఆకులు తీస్తారు. క్షమించకపోతే మెడలోనే ఎండుతాయి.

ఆకులు దొరికాయి. చిరిగిన చాపే దొరకలేదు. వికా ఉన్న ఇంట్లో చిరిగిన చాప దొరకడమంటే మనసే ఉన్నచోట మౌనం దొరికినట్టే. పెట్టె అడుగునా, మంచం కిందా, అటక మీదా అన్నీ అందంగా కుట్టి మడతపెట్టి ఉన్నాయి. చివరికి పక్కింటావిణ్ణి అడగాల్సి వచ్చింది. ఆవిడ పందులు పడుకునే చోట్నుంచి ఒకటి లాక్కొచ్చి ఇచ్చింది.

"తీసుకో మనసే. నోరు కుట్టుకోడానికి దారం కూడా ఇమ్మంటావా?"

మామూలు రోజైతే దానికి నాలుగు జవాబులు చెప్పేవాడు. ఇవాళ చాప దులిపి చంకలో పెట్టుకున్నాడు.

చాప చుట్టుకుని, పైన కట్టుకునే కొబ్బరినార తాడు కోసం గోడ మేకు దగ్గరికి వెళ్లాడు. రెండు తాళ్లు వేలాడుతున్నాయి. లావుగా నల్లబడింది తనది. ఇంకొకటి వికాది. పోయినేడు కొత్తగా పేనుకున్నది, ఇంకా తెల్లగానే ఉంది. తనది కట్టుకున్నాక, ఎందుకో ఆమెదీ చేతిలోకి తీసుకున్నాడు. తిరిగి రమ్మని బతిమాలేటప్పుడు ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా అనుకున్నాడు.

అప్పుడు చూశాడు. ముడి పడ్డచోట నార నలిగి ఒక గీత ఉంది. దాని పక్కన, కాస్త లోపలికి, ఇంకో గీత. ఇంకా లోపలికి మరొకటి. కొత్త తాడు మీద మెట్లు దిగినట్టు దిగుతున్నాయి గీతలు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు నడుము చాప మీద ఈ తాడు ఆమె తన కళ్ల ముందే కట్టుకుంది. కట్టుకున్న ప్రతిసారీ తను ఏదో ఒక చమత్కారం విసిరాడు. "తాడు పెరుగుతోందేమిటే, నీళ్లు పోస్తున్నావా?" అన్నాడొకసారి. ఆమె నవ్వింది కూడా. ఎందుకు తగ్గుతున్నావని మాత్రం తను అడగలేదు.

మనసే తల్లి ఇలాగే ఒక ఏడు చిక్కుతూ చిక్కుతూ వచ్చి, ఆ ఏడాది యాము దుంపలు తవ్వే నాటికి లేకుండా పోయింది. ఆ ఇంట్లో కూడా ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. జోకు వేస్తే నవ్వొస్తుంది. ఆ తేడా చిన్నప్పుడే కనిపెట్టి, దాని మీదే ఇంత పేరు సంపాదించాడు మనిషి.

తాడు చేత్తో పట్టుకుని నడిచాడు. దారిలో బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఆకులు చూసి తలలు తిప్పుకున్నారు. రోజూ నవ్వించే మనిషి ఏడుపు ముఖంతో పోతుంటే చూడడం మర్యాద కాదు.

*

వాకిట్లో, పనసచెట్టు నీడకి బయట, ఎండలోనే కూర్చున్నాడు. ఎదురుగా మేనత్త ఇల్లు. వరండాలో కుర్చీలో కితియోనే, వాచిన కాళ్లు పీట మీద పెట్టుకుని, అటు తిరిగి ఉన్నాడు. ఇంటి వెనక పాకలోంచి, చాపలల్లే మొగలాకు చీలికల్ని గవ్వతో గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది. సర్... సర్... ఆ చేతి వాటం మనసేకి తెలుసు. అన్న ముందు, చెల్లెలు వెనక. మధ్యలో ఇల్లంత గోడ. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పక్కపక్కనే ఉన్నారు.

కితియోనే పలకలేదు. పలకడు కూడా. జరిగిన తప్పేమిటో చెప్పాలంటే చెల్లెలి ఒంటి ప్రస్తావన తేవాలి. అది అతని నోట రాదు.

అందుకే దేవుడు మేనత్తని పుట్టించాడు. మేనత్తలో మేను ఊరికే చేరలేదు. అన్న అనలేనిదీ, చెల్లెలు చెప్పలేనిదీ, ఆ ఇంట్లో ఎవరి మేను గురించైనా ఎవరి ముందైనా అనగలిగింది ఆవిడ ఒక్కతే. పెళ్లిలో మొదటి ముక్క ఆవిడకి, చావులో పెద్దపీట ఆవిడకి, తగవులో చివరి మాట ఆవిడకి.

లెసియెలి చేతికర్రతో నేల పొడుచుకుంటూ వచ్చి, వరండా మెట్టు మీద కూర్చుంది. తాటాకు విసనకర్ర తీసింది.

"వచ్చావా అల్లుడూ. ఆకులు బాగా నప్పాయి. నోటికి కూడా నాలుగు అడ్డం పెట్టుకోవాల్సింది."

"తప్పయిపోయింది అత్తా. బావ హాల్లో ఉన్నాడని చూళ్లేదు."

"చూడకపోవడం నీకు కొత్తా? ఎదురుగా ఉన్నది నీకెప్పుడు కనిపించింది గనక."

"అత్తా, మీకు తెలుసు, అది మా అలవాటు. ఆమె నన్నంటుంది, నేను ఆమెనంటాను. నా పొట్ట మీద ఆమె వేసిన జోకులు పోగేస్తే చర్చి హాలేమిటి, గంటతో సహా చర్చే కట్టొచ్చు."

విసనకర్ర ఆగింది.

"జోకు తప్పని ఎవరన్నార్రా? మీ మామ కూడా నన్ను అనేవాడు. నడుస్తుంటే దీవి ఒకపక్కకి ఒరుగుతోందనేవాడు. నవ్వి చచ్చేదాన్ని. కానీ నాకు జ్వరమొచ్చిన నాడు ఆ నోరే నా నుదురు మీద పెట్టి చూశాడు." కర్రతో అతని వైపు పొడిచి చూపించింది. "ఆ పిల్ల ఒంటి సంగతి వాళ్లన్న అడగలేడు. నాకు కళ్లు ఆనవు. ఈ భూమ్మీద దాని ఒంటి గురించి నోరెత్తే హక్కు ఒక్క మగాడికిచ్చాం, చాపలిచ్చి, పందినిచ్చి, పాటలు పాడి మరీ ఇచ్చాం. నువ్వు ఆ హక్కుకి మైకు తగిలించావు. ఒక్కనాడు, ఒక్కనాడంటే ఒక్కనాడు, 'ఎందుకే ఇలా అయిపోతున్నావు' అని అడిగావా?"

మనసే ఆకుల వైపు చూసుకున్నాడు. అప్పుడే అంచులు ముడుచుకుంటున్నాయి.

"లేదు అత్తా."

"ఎందుకని?"

ముడుచుకున్న ఒక ఆకు అంచుని బొటనవేలితో సాపు చేశాడు. "భయమేసింది."

వరండాలో కుర్చీ కిర్రుమంది. కితియోనే తల ఇటు తిరగలేదు గానీ, చెవి తిరిగినట్టుంది.

ముసలావిడ విసనకర్ర మళ్లీ కదిలింది, ఈసారి మెల్లగా. "వెనక్కి వెళ్లు. పాకలో ఉంది. ఆకులు తియ్యకు. నీ హాస్యం గుమ్మం దగ్గర విడిచి పో, చెప్పుల పక్కన."

*

వికా తలెత్తలేదు. ఒళ్లో ఆకుచీలికలు, చేతిలో గవ్వ. గౌను భుజం దగ్గర జారుతుంటే పిన్నీసుతో పట్టించి ఉంది. ఆ పిన్నీసు మనసే ఇదివరకూ చూశాడు. దాని మీద కూడా ఒక జోకు వేసినట్టు గుర్తు.

"వికా."

సర్... సర్...

"నీ తాడు తెచ్చాను."

"ఎందుకు? నువ్వు ఉరేసుకోడానికా? నీ బరువుకి ఆగదు."

అతనికి నవ్వొచ్చింది. నవ్వు గొంతులోనే విరిగి, దాని వెనకాల ఇంతకాలం ఆగినది బయటికి వచ్చింది. మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నీకేమైందే? నిజం చెప్పు. మా అమ్మలాగా చెయ్యకు. ఏ జబ్బయినా సరే చెప్పు."

గవ్వ ఆగింది. ఆమె తలెత్తి చూసింది. ఇంత దగ్గరగా, పాకలోకి పడే వెలుగులో, ఆ ముఖంలో ఎముకలు కనిపించాయి. కళ్లు మాత్రం మునుపటికన్నా తేటగా ఉన్నాయి.

"ఎన్నాళ్లకి అడిగావయ్యా," అంది. "పోయిన వానాకాలం నుంచి ఎదురుచూస్తున్నా. ఇవాళ అడుగుతాడు, రేపు అడుగుతాడు అని. అడిగితే చెబుదామని రోజూ అనుకున్నా. నువ్వు రోజూ నవ్వించావు."

"ఏం జబ్బు?"

"జబ్బు నాది కాదు."

ఇంటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"చాపలమ్మడానికి సంఘం ఆడవాళ్లం ఆక్లాండు వెళ్లాం చూడు, అప్పుడు అన్నయ్యని చూశా. వదిన ఏడ్చింది. రెండూ పోయాయంది. ఎవరైనా ఒకటిస్తే బతుకుతాడంది. వదినది కలవలేదు, పిల్లలవి కలవలేదు. ఎవరికీ చెప్పకుండా నేను ఆస్పత్రికెళ్లా. నాది కలిసింది."

మనసేకి అర్థం కాలేదు. అర్థమైంది. మళ్లీ కాకూడదనుకున్నాడు.

"ఏం కలిసింది?"

"కిడ్నీ. కానీ ఇంత ఒళ్లుంటే కొయ్యలేమన్నారు. తగ్గి రమ్మన్నారు. అందుకే తగ్గా. పొద్దున్నే మొగలాకుకని మడుగు చుట్టూ నడిచింది అందుకే. చేమాకులో చుట్టిన గొర్రెమాంసం నీకు పెట్టి, నేను ఉత్త ఆకు తిన్నది అందుకే. కొబ్బరిపాలు వాసన చూసి ఊరుకున్నా. ఆ పూట నువ్వు ఏమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. 'మేకని చేసుకుంటున్నానని మీ వాళ్లు ముందే చెబితే గడ్డి పెంచేవాణ్ణిగా' అన్నాడు.

"బుధవారం విమానానికి వెళ్తున్నా. అన్నీ అయ్యాయి."

"నాకు చెప్పకుండా?" మనసే గొంతు లేచింది. "నీ కడుపు కోయించుకుని, ఒక ముక్క తీసి... నాకు చెప్పకుండా? నేనెవర్ని?"

"మెల్లగా!"

"నేనొప్పుకోను. నీకేమన్నా అయితే? ఒకటిచ్చాక రెండోది పోతే? దేవుడు రెండెందుకిచ్చాడు?"

"ఒకటి ఇవ్వడానికి."

"వికా!"

"నా ఒళ్లయ్యా ఇది." ఆమె గొంతు వణకలేదు. "ముప్పై ఏళ్లు నీ మైకుకిచ్చా. నా పొట్ట, నా నడుము, నా నడక, నా పురుళ్లు, అన్నీ హాలుకి పంచిపెట్టావు. నేనూ నవ్వా. నవ్వొచ్చే నవ్వా, అబద్ధం ఆడను. ఒక్క ముక్క మా అన్నకిస్తా. నిన్ను అడిగి కాదు."

మనసే చేతిలోని తాడుని నేల మీద పెట్టి, మళ్లీ తీసుకున్నాడు. 

వికా చెయ్యి చాపి, అతని మెడలో వంకరపోయిన ఆకుల దండని సరిచేసింది. తియ్యలేదు. తియ్యడం ఆమె పని కాదు.

"నీకెందుకు చెప్పలేదంటే," అంది, "నీకు చెబితే బస్సుకి చెప్పినట్టు. బస్సుకి చెబితే దీవికి చెప్పినట్టు. అన్నయ్యకి తెలిసిందో, చావనైనా చస్తాడు గానీ చెల్లెలి ఒంట్లో ముక్క తన ఒంట్లో పెట్టుకోడు. చిన్నప్పుడు నా దుప్పటి ఆరేసిన తాడు కింద నుంచి నడిచేవాడు కాదు, చుట్టూ తిరిగి పోయేవాడు. అలాంటి మనిషి నా రక్తం, నా మాంసం..." ఆగింది. "అందుకే డాక్టర్లతో చెప్పా, ఆఖరి రోజు దాకా పేరు చెప్పొద్దని. అప్పుడు నేను మంచం మీదుంటా, తనూ మంచం మీదుంటాడు. నాతో వచ్చిన అత్త ఎదురుగా నిలబడి ఒప్పుకోమంటుంది. మేనత్త మాట కాదనలేడు. అదొక్కటే దారి."

"అత్తకి తెలుసా?"

"ఆవిడకీ నాకూ దేవుడికీ. ఇప్పుడు నీకు. నలుగురిలో నోరున్నది నీకే."

పాక బయట కోడి ఒకటి గీరుకుంటోంది. మనసే తాడుని వేళ్లకి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

"నిన్న రాత్రి నువ్వు మైకులో అన్నావు చూడు," వికా గొంతు మొదటిసారి సన్నబడింది. "సగం వికా ఎవరింటికి పోయిందో అని. నా గుండె ఆగిపోయింది. నీకు తెలిసిపోయిందనుకున్నా. తెలిసే అన్నావనుకున్నా. అన్నయ్య అక్కడే ఉన్నాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు."

"తెలీదే. ఒట్టు. ఊరికే అన్నా."

"నువ్వన్నవన్నీ ఊరికే అన్నవే. తగిలినవన్నీ ఊరికే తగల్లేదు."

ఇంటి వైపు నుంచి ముసలావిడ దగ్గు వినిపించింది, కావాలని దగ్గినట్టు.

వికా తొందరగా అంది: "సోమవారం అన్నయ్య విమానం ఎక్కేస్తాడు. అప్పటిదాకా నోరు మూసుకో. నా కోసం ఇంకేమీ అడగను. మూసుకుంటే ఆస్పత్రి నుంచి నేరుగా మనింటికొస్తా, నీ వెనక సీట్లో కూర్చుంటా, జన్మంతా జోకులెయ్యి. ఒక్క మాట జారిందా, అన్న ఉండడు. అన్న లేకపోతే నేను నీ గుమ్మం తొక్కను."

"నా పొట్ట కింద కాళ్లున్నాయో లేవో నాకెవరు చెబుతారే అప్పుడు?"

ఆమె పెదవి కదిలింది. నవ్వబోయి మానుకుంది.

"పో," అంది. "పోయి ఆకులు తీయించుకో."

*

మనసే తిరిగి వాకిట్లోకి వచ్చేసరికి వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది. కితియోనే మెట్లు దిగి ఉన్నాడు. వాచిన కాళ్లతో, గోడ పట్టుకోకుండా, పనసచెట్టు కింద నిలబడి ఉన్నాడు. మేనత్త మెట్టు మీదే ఉంది. ఆవిడ విసనకర్ర కదలడం లేదు.

మనసే అతని పాదాల ముందు కూర్చుని తల వంచాడు. వెనక పాకలో గవ్వ చప్పుడు మొదలైంది. సర్... సర్...

"మనసే."

"బావా."

"నీ చేతిలో ఆ తాడు నీది కాదు."

వేళ్లకి చుట్టి ఉన్న తాడు సంగతి అప్పటికి గుర్తొచ్చింది అతనికి. దాచడానికి చోటు లేదు.

"కాదు బావా."

"ఇటివ్వు."

ఇచ్చాడు. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో చెప్పాలి.

కితియోనే తాడుని వెలుగులోకి పట్టుకున్నాడు. నలిగిన మొదటి గీత మీద బొటనవేలు పెట్టాడు. తర్వాత రెండో గీత. తర్వాత మూడోది. మనసే ముఖం చూడలేదు, ఇంటి వెనక్కి చూడలేదు, తాడునే చూస్తూ మాట్లాడాడు.

"మనిషి సంగతి నేనడగలేను. తాడు సంగతి అడగొచ్చు. తాడుకి అన్నలుండరు." గొంతులో పొడి ఉంది, ఊపిరి తీయడానికి మధ్యలో ఆగుతున్నాడు. "నార ఇంకా తెల్లగా ఉంది. అంటే ఏడాది తాడు. ఒక్క ఏడాదిలో ఇన్నిసార్లు ముడి లోపలికి జరిగింది."

మనసే చూపు నేలకి దించాడు.

"ఆక్లాండులో డాక్టరమ్మ చెప్పింది, ఎవరో నాకిస్తామన్నారట. పేరు చెప్పదు. ఎంత అడిగినా చెప్పలేదు. ఎందుకింత ఆలస్యమంటే మాత్రం ఒక మాట జారింది. 'బరువు తగ్గమన్నాం, తగ్గుతున్నారు' అంది." మూడో గీత దగ్గర వేలు ఆగిపోయింది. "నిన్న రాత్రి నేను కోపంతో లేచిపోయానని అనుకుంటున్నారు అందరూ."

"కాదా బావా?"

"నువ్వన్నావు కదా, సగం ఎవరింటికి పోయిందో అని. కోపం వస్తే లేచి నిన్ను కొట్టేవాణ్ణి. నాకు కాళ్లు వణికాయి. అందుకని బయటికెళ్లా."

మెట్టు మీద మేనత్త నోరు తెరవబోయింది. కితియోనే చెయ్యెత్తాడు. జన్మలో మొదటిసారి ఆవిడ మాటకి అడ్డం చెయ్యెత్తాడు.

"వద్దత్తా. నువ్వు మాట్లాడితే నేను కాదనలేను. అందుకే ఇతన్ని అడుగుతున్నా." కిందికి వంగాడు. మనసే మెడలో వాడిపోతున్న ఆకుల మీద అతని చెయ్యి పడింది. బరువైన, చల్లటి చెయ్యి. "ఈ ముడి ఎందుకు లోపలికి జరిగిందో నిజం చెప్పు. చెబితే ఇవి నా చేత్తో తీస్తా, నిన్న రాత్రి మాట ఇక్కడితో మర్చిపోతా. కానీ మెడలో ఇఫి ఆకులుండగా అబద్ధమాడినవాణ్ణి ఈ దీవిలో ఎవరూ ఇంట్లోకి రానివ్వరు. ఆదివారం మొహం ఎక్కడ పెట్టుకుంటావో నువ్వే చూసుకో."

"నిజం..." మనసే పాక వైపు చూడబోయి ఆగాడు. "నిజం నువ్వనుకున్నదే అయితే ఏం చేస్తావు బావా?"

"సోమవారం విమానం ఎక్కను. ఇక్కడే ఉంటా. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు."

వెనక పాకలో గవ్వ చప్పుడు ఆగిపోయింది.

ఆగిన ఆ చప్పుడు ఇద్దరికీ వినిపించింది. కితియోనే వేళ్లు ఆకుల మీద బిగిశాయి.  ముప్పై ఏళ్లుగా వికా ఒంటి మీద ఎవరేమడిగినా తడుముకోకుండా మాట దొరికిన మనిషి, ఇప్పుడు ఒకే ఒక్క మాట కోసం తన లోపలంతా వెతుక్కున్నాడు. నిజం చెబితే ఒకడు చస్తాడు. అబద్ధం చెబితే ఇంకొకడికి ఊళ్లో బతుకుండదు. మౌనం కూడా జవాబే.

అతను తలెత్తాడు. ఆ నవ్వని ముఖాన్ని సూటిగా చూశాడు. మైకు పట్టుకున్నప్పుడు ఎలా గొంతు సవరించుకుంటాడో అలాగే సవరించుకున్నాడు.

"చెబుతా బావా," అన్నాడు. "కానీ ముందే చెబుతున్నా, నువ్వు నవ్వకూడదు."